ఇప్పనూనె తాగిన బ్యాటు

"ఎవరు చేసిండ్రు ఇది?"

ప్రసూన గొంతు గోదాములోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి కొట్టు దాకా వినబడింది. ఎండలో కరక్కాయలు ఆరబోస్తున్న పనిపిల్ల నందే చేతిలో చేట అట్లాగే ఆగిపోయింది.

మంగాదేవి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చేసరికి కూతురు గోదాము గుమ్మంలో నిలబడి ఉంది. చేతుల్లో క్రికెట్ బ్యాటు. పిడి మొదలు అడుగు దాకా నూనె ఓడుతోంది. పుష్యమాసపు చలికి ఆ నూనె సగం పేరుకుని, పిడికి చుట్టిన దారాల మధ్య నెయ్యిలా తెల్లగా కూరుకుపోయి ఉంది.

"ఇప్పనూనె కుండల తలకిందులుగా నిలబెట్టిండ్రమ్మా. నేను జగదల్‌పూర్ పోయిన దినం మేకుకు ఏలాడేసి పోయిన. పాస్‌పోర్టు పని చూసుకొని పొద్దున వచ్చిన. సంచి సర్దుకుందామని చూస్తే మేకు మీద లేదు. వెతికి వెతికి కుండ మూత తీస్తే అండ్ల ఉన్నది!"

"తుడిస్తే పోదా?"

"తుడిస్తే పోదా అంటవేంది! లోపలికి తాగింది. ఎత్తి చూడు, బండరాయి లెక్క ఉన్నది."

మంగాదేవి ఎత్తి చూడలేదు. ఆమె చూపు కొట్టు వైపు పోయింది. ప్రసూన చూపు కూడా అటే పోయింది.

"ఆగవే, గిరాకీ ఉన్నరు..." అని తల్లి అంటూనే ఉంది. ప్రసూన వాకిలి దాటేసింది.

కొట్టులో చెన్నకేశవులు కరక్కాయలు తూచుతున్నాడు. బండ అనే ఊరి నుంచి వచ్చిన ఇద్దరు దోర్ల తెగ రైతులు బుట్టలు దించుకుని ఎదురుగా గొంతుకూర్చున్నారు. ప్రసూన వచ్చి, తక్కెడలో ఉన్న కరక్కాయలను పక్కన గోనె మీదికి గుమ్మరించి, ఖాళీ పళ్ళెంలో బ్యాటును పెట్టింది.

"తూచు నాయినా."

"ఏంది ఇది? మనుషుల ముందర..."

"తూచు. నేను దీన్ని ఇంటికి తెచ్చిన దినం ఇదే తక్కెట్ల పెట్టి నువ్వే తూచినవ్. 'ఇంతేనా, ఇంత తేలిక కట్టెతోనా మీరు దేశాలు గెలిచేది' అని నవ్వినవ్. అప్పుడు పెట్టిన రాళ్ళు ఏవో నీకు యాదికున్నయ్. పెట్టు."

చెన్నకేశవులు రాళ్ళ వైపు చూశాడు కానీ చేయి చాచలేదు. ప్రసూనే పెట్టింది. ఆనాటి రాళ్ళే. తక్కెడ కదల్లేదు. ఇంకో రాయి వేసింది. కదల్లేదు. ఇంకొకటి వేస్తే బ్యాటున్న పళ్ళెం నేల మీద నుంచి మెల్లిగా లేచింది. దాని అంచు నుంచి నూనె చుక్క ఒకటి గోనె మీద పడింది.

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సావుకారీ, మేం మళ్ళ వస్తం" అని లేచి, బుట్టలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

"గోదాము తాళం ఎవరి మొలకు ఉంటది?" అంది ప్రసూన.

"నా మొలకు."

"పిడికి నూనె తగిలితే పనికిరాదని, బ్యాటుకు చెంచాడు కంటె ఎక్కువ పట్టియ్యొద్దని ఈ ఇంట్ల ఎవరికి చెప్పిన?"

ఆయన గోనె మీది కరక్కాయలను చేత్తో దగ్గరికి లాక్కున్నాడు.

"నీ ఒక్కనికే చెప్పిన. పేపరు చూసుకుంట అంతా విన్నవ్. ఎందుకట్ల అని అడిగినవ్ కూడ. ఎక్కువ తాగితే కట్టె చచ్చిపోతది, బంతి తగిలితే ఎగరదు అని చెప్పిన. ఇయ్యాల అదే జేసి పెట్టినవ్!"

"నేనే జేసేటోణ్ణయితే నూనెల ముంచేటోణ్ణి కాదు. పొయ్యిల పెట్టేటోణ్ణి. ఒక పూట వంటకన్నా పనికొచ్చేది."

"అంటే నువ్వు కాదంటవా?"

"నేనేమీ అనను. బిడ్డవు నువ్వు, తండ్రిని కొట్టుల నిలబెట్టి ఇచారణ జేస్తున్నవ్. చెయ్యి."

చెన్నకేశవులు గద్దె మీది నుంచి లేచాడు. ఆయన సన్నటి మనిషి. కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇంట్లో అందరికీ ఆ తగ్గే గొంతంటేనే భయం.

"మొదట జగదల్‌పూర్ అన్నవ్. పంపిన. రాయ్‌పూర్ అన్నవ్, ఇదే ఆఖరు నాయినా అన్నవ్. పంపిన. ఇండోర్ అన్నవ్. పూణే అన్నవ్. బిడ్డ మోకాళ్ళు కనబడే బట్టలేసుకొని కట్టె పట్టుకొని తిరుగుతున్నదని మన కొంటా సంతలో నా ఎనకాల నవ్వుతుంటే ఇననట్టు పోయిన. ఇప్పుడు న్యూజిలాండ్ అంటున్నవ్. అదెక్కడున్నదో అని తహసీల్ ఆఫీసు గోడకున్న మ్యాపు ముందర నిలబడి వెతికిన. కింద మూలకున్నది. దాని తర్వాత ఇంకేం లేదు. మ్యాపుకు కొట్టిన మేకే ఉన్నది!"

"ఉంటే? అక్కడికి మన ఆడపిల్లలు ఇంతవరకు ఎవ్వరూ పోలేదు. మొదటిసారి పోతున్న జట్టుల నన్ను తీసుకున్నరు. మొదట బ్యాటు పట్టుకొని దిగేది నేను. అది నీకు మేకు దగ్గరనే కనబడ్డదా?"

"నాకు కనబడ్డది అదే."

"అందుకని నా చెయ్యి ఇరగ్గొడ్తవా?"

"చెయ్యి కాదు, కట్టె."

"నాకు రెండూ ఒకటే నాయినా! నీకు తక్కెడ ఎట్లనో నాకు ఇది అట్ల. దీంతోనే దిగుత, ఇది చచ్చిందో బతికున్నదో అక్కడనే తేలుస్త. డ్రైవర్ కాశన్న లారీ నాలుగు గంటలకు బయలెల్లుతది. ఎక్కుత."

"ఎక్కు." ఆయన గొంతు ఇంకా తగ్గింది. "ఎక్కినంక ఈ గడప మళ్ళ తొక్కొద్దు."

"తొక్కను. నాకు నాయిన లేడనుకుంట."

నడిమింట్లో నాయనమ్మ అన్నపూర్ణమ్మ వక్కలు కత్తిరిస్తోంది. ఇంతసేపూ వినిపిస్తున్న అడకత్తెర చప్పుడు ఆ మాటతో ఆగిపోయింది.

మళ్ళీ వినబడలేదు.

*

మంగాదేవి సంచిలో చీర మడత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. కూతురు ఎదురుగా కూర్చుని పాతగుడ్డతో బ్యాటు తుడుస్తోంది. ఎంత తుడిచినా గుడ్డ తడుస్తూనే ఉంది.

"ఎంత మాటన్నవే!"

"ఆయన అన్నది ఇనబడలేదా నీకు?"

"ఇనబడ్డది. ఇద్దరి మాటలు ఒక్క తీరుగనే ఉన్నయ్, ఇద్దరి ముక్కు లెక్క. నడిమిట్ల నేను చస్తున్న."

"నువ్వు ఎన్నడూ ఆయన దిక్కే."

"నీ దిక్కున నిలబడనీకి నువ్వు ఇంట్ల ఉంటే కద!" మంగాదేవి చీరను సంచిలోకి గుద్దినట్టు తోసింది. "నువ్వు ఊరికి పోయిన ప్రతిసారి ఈ ఇల్లు ఎట్లుంటదో తెల్సా? మీ నాయిన రెండు పూటల బస్సు వచ్చే టైముకు అటు దిక్కు నడుస్తడు. పేపరు కోసం పోతున్న అంటడు. పేపరు పొద్దటి బస్సుకే వస్తది. మాపటి బస్సుకు ఏం వస్తదే?"

ప్రసూన చేయి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

"ఒక్క కట్టె కోసం ఇంత రాద్ధాంతం. ఇమానం ఎక్కే బొంబాయిల దొరకవా?"

"కొననీకి ఎవరి దగ్గర ఉన్నదమ్మా? రైల్ల మరుగుదొడ్డి పక్కన కూసొని పోయినం. బడుల నేల మీద పండుకున్నం. జట్టంతటికీ మంచి బ్యాట్లు మూడో నాలుగో. ఒకళ్ళు అవుటయి వస్తుంటే, లోపలికి పోయేటోళ్ళు వాళ్ళ చేతిలోంచి గుంజుకొని పోవాలె. అవి నాకు పొట్టి. మొన్న పరదేశం జట్టు వచ్చి మన దేశంల ఆడినప్పుడు పొద్దంతా నేను నిలబడితే, అవతలి జట్టుల ఒక పొడుగుపిల్ల ఆట అయినంక వచ్చి దీన్ని నా చేతుల పెట్టింది. దాని మాట నాకు తెల్వదు, నా మాట దానికి తెల్వదు. నా భుజం మీద తట్టి పోయింది. దేశంల నాకంటూ ఉన్నది ఇదొక్కటే."

మంగాదేవి సంచి మూతి బిగించి కట్టింది.

"కాశయ్య లారీ భద్రాచలం పోవాల్సింది ఎల్లుండి" అంది చివరికి. "ఎల్లుండి పోతే నీ రైలు అందదని మీ నాయిన ఇయ్యాలకు మార్పిచ్చిండు. సరిగ్గ ఆరని కరక్కాయలు ఎత్తుతున్నరని కొనే వ్యాపారి తిట్టుకుంట ధర తగ్గించి రాయిస్తున్నడు. నిన్ను ఆపాలనుకున్నోడు లారీ ఎందుకు మార్పిస్తడే?"

"ఒక చేత్తో లారీ మార్పిచ్చి, ఇంకో చేత్తో బ్యాటు ముంచిండా? నాకు సమజ్ కాలేదు."

"నాకు కూడ కాలేదు" అంది తల్లి. "ఇరవై ఏండ్లు దాటింది, ఆయన నాకే సమజ్ కాలేదు."

*

వాకిట్లో కరక్కాయల మధ్య ప్రసూన నిలబడింది. నందే ఏమీ అడక్కుండానే ఒక కరక్కాయ ఏరి చేతిలోకి తీసుకుంది. చిన్నప్పటి నుంచి వాళ్ళిద్దరి ఆట అదే. కరక్కాయ గుండ్రంగా ఉండదు, నేలకు తగిలి ఎటు తిరుగుతుందో చెప్పలేం. నందే విసిరిన ఆ కాయలను గోనెలు కొట్టే చెక్కతో కొట్టీ కొట్టీ ప్రసూనకు బంతి పడే చోటు చూసే కన్ను కుదిరింది. ఆ సంగతి పూణేలో చెబితే నవ్వారు కానీ, ఆమె కొట్టడం చూశాక నవ్వడం మానేశారు.

"ఎయ్యి" అంది ప్రసూన.

నందే వేసింది. కాయ నేలకు తగిలి లోపలికి తిరిగింది. బ్యాటు వచ్చేసరికి కాయ దాటిపోయింది. మళ్ళీ వేసింది. ఈసారి తగిలింది. టక్కుమనాల్సిన చోట, తడిసిన గోనె మీద కొట్టినట్టు తొప్పుమంది. కాయ ఆమె కాళ్ళ దగ్గరే పడింది.

"నీ కట్టెకు కడుపు నిండింది ప్రసూనక్కా" అంది నందే. "పండుకుంటా అంటున్నది."

ప్రసూనకు నవ్వు రాలేదు. బ్యాటును రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టబోయి, ఆగింది.

పిడి కింద, బ్యాటు భుజాలు వెడల్పయ్యే చోట, పేరుకున్న నూనె కింద ఏదో ఎర్రగా కనిపించింది. గోటితో నూనె గీకింది. ఎర్రదారం. మూడు పేటలు కలిపి, ముడి వేసి, ముడి మీద పసుపు అద్ది ఉంది.

ఈ ముడిని ఆమె ఎరుగును. నడిమింట్లో దూలానికి వేలాడే పాత కావడి బద్దకు ఇదే ముడి ఉంది.

తాత రామనర్సయ్య కొట్టు పెట్టక ముందు ఉప్పు కావడి మోసుకుని సంతలు తిరిగేవాడు. అప్పటికి బస్తర్ ఇంకా రాజుగారిది. రోడ్లు లేవు, లారీలు లేవు. ఆయన బయలుదేరే ముందు నాయనమ్మ కావడి బద్దను ఇప్పనూనెలో నానబెట్టి, ఎర్రదారం కట్టి, పసుపు అద్ది భుజానికెత్తేది. నూనె తాగిన బద్ద పగలదు, మోసేవాణ్ణి మళ్ళీ ఇంటికి తెస్తుందని ఆ కావళ్ళ వాళ్ళందరి నమ్మకం. రాజ్యం ఇండియాలో కలిసిన ఏడాది, కొత్త బద్ద నానేదాకా ఆగలేక ఆయన ఉత్త బద్దతోనే వెళ్ళాడు. వాగు మధ్యలో బద్ద విరిగింది. ఉప్పుతో పాటు ఆయనా పోయాడు. దూలానికి వేలాడేది అంతకు ముందటి బద్ద, నూనె తాగినది.

"నందే! నీకు తెల్సా?"

నందే చేటలోని కరక్కాయలను అటూ ఇటూ కదిపింది.

"ముసలమ్మ చెప్పొద్దన్నది. చెప్తే ఫలం పోతదన్నది."

*

"ముంచిన. ఏం తప్పు?" అంది అన్నపూర్ణమ్మ.

వక్కల పళ్ళెం ముందు అట్లాగే కూర్చుని ఉంది. మాట మెత్తబడలేదు.

"నాయనమ్మా, అది కావడి బద్ద కాదే!"

"కట్టె కాదా? భుజాన ఏసుకొని పోతలేవా? ఇంట్ల నుంచి పోయేటోళ్ళు ఏ కట్టె పట్టుకొని పోతే ఆ కట్టెకు నూనె పట్టియ్యాలె. ఎన్నిసార్లు పోయినవ్, ఎన్నడన్నా పట్టిచ్చిన్నా? ఈ దేశంలనే కద అనుకున్న. ఇప్పుడు సముద్రం అంటున్నరు. ఉత్త కట్టె వాగే దాటియ్యలేదు, సముద్రం దాటిస్తదా!"

"అది పాడయిపోయింది. ఇంక దానితో ఆడరాదు. చచ్చిపోయింది."

"కట్టె చచ్చుడేంది?"

ప్రసూన బ్యాటును ముసలామె ఒళ్ళో పెట్టింది. ఆ బరువుకు అన్నపూర్ణమ్మ మోకాళ్ళు కిందికి వంగాయి. ఆమె దాన్ని తడిమి చూసింది. కరక్కాయ కాళ్ళ దగ్గరే పడిన చప్పుడు ఇందాక ఆమె కూడా వింది. మొహం మెల్లగా మారింది.

"అయ్యో... నేను నిన్ను తెచ్చుకుందామనుకున్న బిడ్డా. ఆపుదామని కాదు."

"తెల్సు."

"మీ నాయినను అంత మాటన్నవు. వాడు ఒక్కసారి కూడ నా పేరు ఎత్తలేదు."

ప్రసూన లేచింది. తాను అన్న మాట గుర్తొచ్చింది. తన తల్లిని కాపాడడానికి ఆయన మాట పడ్డాడు. కొట్టు గుమ్మం దాకా ఒక్క పరుగున పోయింది.

చెన్నకేశవులు గద్దె మీద లేడు. తక్కెడ ముందు నిలబడి ఉన్నాడు. ఆమె పెట్టిన రాళ్ళు ఇంకా పళ్ళెంలోనే ఉన్నాయి.

"నాయినా." ఆమె ఆయన కాళ్ళ మీదికి వంగింది. "నాయనమ్మ చెప్పింది. నేను అనరాని మాట..."

ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"వంగకు."

"నాయినా..."

"వంగకు అంటున్న కద! మా అమ్మ వచ్చి గోదాము తాళం అడిగింది. తీసి ఇచ్చిన. కొంగు కింద ఏముందో చూసిన. కుండ మూత నేనే ఎత్తి పట్టుకున్న." ఆయన గొంతు ఎంత తగ్గిందంటే, వెనకే వచ్చిన మంగాదేవి ఇంకో అడుగు ముందుకు వేస్తే కానీ వినబడలేదు. "కట్టె చచ్చిపోతదని నువ్వు చెప్పిన మాట నాకు అప్పుడు యాదికున్నది. ఒక్క మాట చెప్తే ఆమె ఆగేది. చెప్పలేదు. ముంచింది ఆమె. ఊకున్నది నేను."

ప్రసూన తల మాత్రం ఎత్తింది.

"లారీ ఎందుకు మార్పిచ్చినవ్ మరి?" అంది ప్రసూన.

"అది తర్వాత."

"తర్వాత ఏంది?"

"తర్వాత సిగ్గయింది."

బయట లారీ హారన్ మోగింది. పొద్దుగూకితే అడవి చెక్‌పోస్టు దగ్గర గేటు దించేస్తారు, మళ్ళీ తెల్లారేదాకా ఎత్తరు. కాశయ్య రెండోసారి హారన్ కొట్టాడు.

ప్రసూన లేచి నిలబడింది. ఆమె మొహంలో ఇందాకటి కోపం లేదు. ఇది వేరే కోపం, దీనికి అరుపు లేదు.

"ఆమె తెల్వక చేసింది. ఆమె మీద నాకేం లేదు" అంది. "నువ్వు తెల్సి ఊకున్నవ్. నా మాట నేను వెనక్కి తీసుకోను నాయినా."

నడిమింట్లోకి పోయి నాయనమ్మ ఒళ్ళోంచి బ్యాటు తీసుకుంది. కొట్టులోకి తెచ్చి తక్కెడ పళ్ళెంలో పెట్టింది. సంచి ఒక్కటే భుజాన వేసుకుంది.

"అది పట్టుకపో!" అన్నపూర్ణమ్మ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. "ఆడకుంటే మానె, పట్టుకపో బిడ్డా! ఉత్త కట్టెతో పోయినోడే రాలేదు, ఉత్తచేతులతో పోతవా! మంగా, దాని చేతికియ్యి! ఇయ్యవేమే!"

మంగాదేవి బ్యాటు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. ఎటూ కదల్లేకపోయింది.

ప్రసూన వెనక్కి తిరక్కుండా వెళ్ళి లారీ ఎక్కింది. తలుపు వేసిన చప్పుడుకు కరక్కాయల మీది కాకులు లేచాయి.

"పోనియ్యి కాశన్నా."

లారీ కదిలింది. సంత మైదానం దాటింది. కొంటా ఊరి చివరి ఇళ్ళు వచ్చాయి. ప్రసూన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ముందుకే చూస్తోంది. అరచేతులకు నూనె ఇంకా జిడ్డుగానే ఉంది.

కాశయ్య అద్దంలోకి చూసి, వేగం కొద్దిగా తగ్గించాడు.

"ప్రసూనమ్మా. సావుకారి వస్తున్నడు."

ఆమె పక్క అద్దంలోకి చూసింది. రోడ్డు మీద ఎర్రదుమ్ము లేస్తోంది. ఆ దుమ్ములో, జీవితంలో ఎన్నడూ నలుగురి ముందు పరుగెత్తని చెన్నకేశవులు చెప్పులు లేకుండా పరుగెత్తి వస్తున్నాడు. కావడి బద్దలా భుజం మీద అడ్డంగా బ్యాటు. ఆయన నోరు కదులుతోంది. ఇంజన్ చప్పుడులో ఏమంటున్నాడో వినబడలేదు. ఇచ్చి పంపడానికి వస్తున్నాడో, ఆపడానికి వస్తున్నాడో ఆ దూరం నుంచి తెలియడం లేదు.

"ఆపాల్నా అమ్మా?" అన్నాడు కాశయ్య. "ఆపితే చెక్‌పోస్టు గేటు అందదు. చెప్పు జల్ది."

ప్రసూన అద్దంలోంచి చూపు తిప్పలేదు. నోరు తెరిచింది.